"నేనెవరో తెలుసా?" – సంకేతపదాలూ, చిరుద్యోగి అధికారమూ

సంస్థలో పనిచేసే ఉద్యోగి తన పాస్‌వర్డును, అనగా సంకేతపదాన్ని, మరచిపోయినప్పుడు దానిని తీసివేసి క్రొత్తది ఇచ్చే అధికారం ఎవరి చేతిలో ఉండాలి? నెట్‌వర్కు మొత్తానికీ పెద్ద అయిన అడ్మినిస్ట్రేటరు చేతిలోనా? లేక ఫోను ఎత్తి "మీకేమి సహాయం కావాలి?" అని అడిగే హెల్ప్‌డెస్కు కుర్రవాడి చేతిలోనా? మాదాపూరు, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ ప్రాంతాల అద్దాల మేడల్లో ఇది నిత్యం ఎదురయ్యే ప్రశ్న. బయటివారికి ఇది ప్రశ్నగానే తోచదు. నా అభిప్రాయం మొదటనే చెప్పివేస్తాను. ఆ అధికారం హెల్ప్‌డెస్కు వారికి ఇవ్వవలసినదే. అయితే దానితోపాటు మరొక అధికారం కూడా ఇవ్వాలి. అది "కుదరదు" అని చెప్పే అధికారం. రెండవది ఇవ్వకుండా మొదటిది మాత్రమే ఇస్తే ఆ కుర్రవాడికీ ముప్పు, సంస్థకూ ముప్పు.

తెలుగు పండితుడికి ఈ గొడవ ఎందుకని చదువరులు అడుగవచ్చు. ముప్ఫై ఏళ్ళకు పైగా పాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. అబ్బాయి ఉద్యోగరీత్యా ప్రస్తుతం కొండాపూరులో నివాసం. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాడు ఈ చుట్టుప్రక్కల రాతిగుట్టలే ఎక్కువ. 2022-23 నాటికి తెలంగాణ ఐ.టి. రంగంలో పనిచేసేవారు తొమ్మిది లక్షలు దాటారు. ఆ తొమ్మిది లక్షలలో నా దగ్గర పద్యాలు వల్లెవేసిన పిల్లలు కూడా ఉన్నారు. వారిలో ఇద్దరు ముగ్గురు హెల్ప్‌డెస్కులో రాత్రిపూట పనిచేస్తున్నారు. వారు చెప్పే మాటలు విన్నప్పుడల్లా నాకు తోచేది ఒకటే. అధికారం, ఆనవాలు, నమ్మకం అన్న మాటలు కంప్యూటరుతో పుట్టినవి కావు. మన కావ్యాలూ మన వ్యాకరణమూ వీటిని ఏనాడో చర్చించాయి. అందుచేత నాకూ ఇందులో రెండు మాటలు చెప్పే చనువు ఉన్నదనుకుంటాను.

విషయం తెలియనివారి కోసం కొంత వివరం. సంకేతపదాన్ని మార్చుకోవడం వేరు, రీసెట్ చేయడం వేరు. మార్చుకునేవాడికి పాతది తెలిసి ఉండాలి. పాతది చెప్పి, క్రొత్తది పెట్టుకుంటాడు. రీసెట్ చేసేవాడికి పాతదానితో పనిలేదు. తాళపుచెవి పోతే తాళం పగులగొట్టి క్రొత్త తాళం వేసినట్లు. మరొక సంగతి కూడా గమనించాలి. హెల్ప్‌డెస్కు వారికి మన పాత సంకేతపదం కనబడదు. సర్వరులో అది చదవదగిన రూపంలో ఉండదు. వారు దానిని చెరిపి, దాని స్థానంలో ఒక తాత్కాలిక పదం పెడతారు. ఆ తాత్కాలిక పదం చేతిలో ఉన్నవాడు ఎవడైనా సరే, కంప్యూటరు దృష్టిలో వాడే మనం. చిక్కంతా ఇక్కడే ఉన్నది.

ఈ పని ఎంత ఉంటుందో బయటివారు ఊహించలేరు. చాలా సంస్థల్లో సంకేతపదాన్ని కొన్ని నెలలకొకసారి తప్పనిసరిగా మార్చాలన్న నియమం ఉన్నది. కారణం లేకుండా గడువు పెట్టి మార్పించవద్దని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లోనే చెప్పినా పాత అలవాటు పూర్తిగా పోలేదు. మార్చిన మరునాడే మనిషి సెలవు మీద వెళ్తాడు. సంక్రాంతికి ఊరికి వెళ్ళి, అరిసెలు తిని తిరిగి వచ్చేసరికి ఆ పదం మనసులోంచి జారిపోయి ఉంటుంది. పండుగ వెళ్ళిన మొదటి పనిదినం ఫోనులు ఆగవని మా శిష్యుడొకడు చెప్పాడు. ఇక విదేశీ సంస్థలకు సేవచేసే హెల్ప్‌డెస్కులకు అమెరికా పగలే మన రాత్రి. అక్కడివారు కాఫీ త్రాగి కంప్యూటరు తెరిచే వేళకు ఇక్కడ కుర్రవాళ్ళు క్యాబులో దిగి హెడ్‌ఫోను తగిలించుకుంటారు.

ఇంత పనిని ఇద్దరు ముగ్గురు అడ్మినిస్ట్రేటర్లే చేయాలంటే రెండు అనర్థాలు జరుగుతాయి. మొదటిది, ఉద్యోగి గంటల తరబడి ఎదురుచూడలేక ప్రక్క సీటువాడి సంకేతపదంతో పని కానిస్తాడు. లేదా తన పదాన్ని చీటీ మీద వ్రాసి కీబోర్డు క్రింద పెట్టుకుంటాడు. రెండవది ఇంకా ప్రమాదకరం. విసిగిపోయిన అడ్మినిస్ట్రేటరు "మీరే చేసుకోండయ్యా" అని హెల్ప్‌డెస్కు వారందరికీ తనకున్న సర్వాధికారాన్నే ఇచ్చివేస్తాడు. తరగతిలో హాజరు పిలిచే పిల్లవాడికి ప్రధానోపాధ్యాయుల బీరువా తాళాల గుత్తి అప్పగించినట్లు. రీసెట్ ఒక్కటి చేయవలసినవాడికి ఖాతాలు సృష్టించే అధికారం, తొలగించే అధికారం, యావత్తు సర్వర్లలోకి ప్రవేశించే అధికారం వచ్చిపడతాయి.

ఈ రెండింటికీ నడుమ ఒక మార్గం ఉన్నది. అది క్రొత్తదేమీ కాదు. మైక్రోసాఫ్టు వారు 2000 సంవత్సరంలో విండోస్ 2000తోపాటు తెచ్చిన యాక్టివ్ డైరెక్టరీలోనే ఈ సౌకర్యం ఉన్నది. ఉద్యోగుల ఖాతాలను విభాగాలుగా అమర్చి, ఫలానా విభాగంలోని ఖాతాలపై, ఫలానా బృందంవారికి, ఫలానా పని మాత్రమే చేసే అధికారాన్ని పంచి ఇవ్వవచ్చు. సంకేతపదాన్ని రీసెట్ చేయడం, మరుసటి ప్రవేశంలో దానిని మార్చుకోక తప్పకుండా చేయడం అన్నది ఆ జాబితాలో సిద్ధంగా ఉన్న అంశం. గడి మీద గుర్తు పెడితే చాలు. అంతకన్న ముచ్చటైన సంగతి మరొకటి. అడ్మినిస్ట్రేటర్ల వంటి పెద్ద ఖాతాలకు ఆ వ్యవస్థ తానే ఒక కంచె వేస్తుంది. ఎవరైనా పొరపాటున ఆ ఖాతాలపై హెల్ప్‌డెస్కుకు అధికారం ఇచ్చినా, మామూలు అమరికలో గంటకొకసారి వ్యవస్థ దానిని చెరిపి యథాస్థితికి తెస్తుంది.

ఇది విన్నప్పుడు నాకు పాణిని గుర్తుకు వచ్చాడు. వ్యాకరణశాస్త్రంలో "అధికారం" అన్నది పారిభాషిక పదం. ఒక సూత్రం తన తరువాతి సూత్రాలన్నిటిపైనా పెత్తనం చేస్తూ పోవడాన్ని అధికారమంటారు. అయితే ఆ పెత్తనానికి ఎల్ల ఉంటుంది. అష్టాధ్యాయిలో ప్రత్యయాధికారం మూడవ అధ్యాయం మొదట ప్రారంభమై ఐదవ అధ్యాయం చివర ఆగిపోతుంది. అంగాధికారం ఆరవ అధ్యాయం నాలుగవ పాదంలో మొదలై ఏడవ అధ్యాయంతో ముగుస్తుంది. ఎంతవరకు సాగుతుందో తెలియని అధికారం వ్యాఖ్యాతలకు తలనొప్పి. ఎల్ల లేని అధికారం శాస్త్రంలోనే కుదరనప్పుడు కార్యాలయంలో ఎట్లా కుదురుతుంది? హెల్ప్‌డెస్కుకు ఇవ్వవలసింది ఇట్టి అధికారమే. ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ముందే వ్రాసి పెట్టినది.

దీనికి కొందరు పెద్దలు చెప్పే అభ్యంతరం ఒకటున్నది. "పాతికేళ్ళ కుర్రాళ్ళు, చాలామంది కాంట్రాక్టు ఉద్యోగులు, ఆరు నెలలకొకడు మారిపోతాడు, వాళ్ళను నమ్మి తాళాలిస్తామా?" అంటారు. ఈ మాట నాకు మింగుడు పడదు. మన సైబరాబాదు చరిత్రలో అతి పెద్ద పతనం ఏ చిన్న ఉద్యోగి చేతిలోని చిన్న తాళంతో జరిగింది? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి స్వయంగా లేఖ వ్రాసి లెక్కలు తారుమారు చేసినట్లు వెల్లడించారు. దర్యాప్తు సంస్థలు బయటపెట్టిన అంశాలలో ఒకటి ఇక్కడ ప్రస్తావించదగినది. బిల్లుల వ్యవస్థలో మామూలు దారిన పోకుండా "సూపర్ యూజర్" అనే సర్వాధికార ప్రవేశాన్ని వాడి 7,561 నకిలీ ఇన్వాయిసులు చొప్పించి, వాటిని ఇతరుల కంటబడకుండా దాచారని దర్యాప్తులో తేలింది. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక న్యాయస్థానం పదిమందిని దోషులుగా ప్రకటించింది. అప్పీలుపై శిక్ష అమలు నిలిచింది. ఆ వ్యాజ్యం సంగతి న్యాయస్థానాలకు వదలివేద్దాం. మనకు కావలసిన పాఠం మాత్రం స్పష్టం. ఎల్ల లేని తాళం మేడపైన ఉన్నవారి చేతిలో ఉంటే వేలమంది బ్రతుకులు తలక్రిందులయ్యాయి. చిన్నవాడి చేతిలో, చిన్న ఎల్లతో, ప్రతి తిప్పుకూ లెక్క వ్రాసే తాళాన్ని చూసి భయపడడంలో అర్థం లేదు.

లెక్క వ్రాయడమన్నది ఊరికే అన్న మాట కాదు. ఎవరు, ఎప్పుడు, ఎవరి సంకేతపదాన్ని రీసెట్ చేశారో విండోస్ సర్వరు 4724 అనే సంఖ్యతో నమోదు చేస్తుంది. 2022 ఏప్రిల్ 28న కేంద్రప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇట్టి నమోదులను 180 దినాలు భద్రపరచాలి. సైబరు దాడి కంటబడితే ఆరు గంటలలోగా తెలియజేయాలి. తప్పుచేసే కుర్రవాడు పట్టుబడక తప్పదు. అందుచేత నా భయం తప్పుచేసే కుర్రవాడిని గురించి కాదు. మంచివాడై, మర్యాదస్థుడై, మోసపోయే కుర్రవాడిని గురించి.

ఇటీవలి దాడులు చూడండి. 2023 ఆగస్టులో అమెరికాలోని క్లోరాక్స్ సంస్థపై జరిగిన దాడి సంగతి 2025 జులైలో కాలిఫోర్నియా న్యాయస్థానానికి ఎక్కింది. తమ హెల్ప్‌డెస్కు పని చూసే కాగ్నిజెంట్ సిబ్బంది, ఉద్యోగినని చెప్పి ఫోను చేసిన దుండగుడికి గుర్తింపు సరిచూడకుండానే సంకేతపదం రీసెట్ చేసి ఇచ్చారని క్లోరాక్స్ ఆరోపించింది. కోరిన నష్టపరిహారం 38 కోట్ల డాలర్లు. క్లోరాక్స్ తన భద్రతను తానే సరిగా చూసుకోలేదని, తమకు అప్పగించింది పరిమితమైన హెల్ప్‌డెస్కు పని మాత్రమేనని కాగ్నిజెంట్ బదులిచ్చింది. తప్పొప్పులు తేల్చడం నా పని కాదు. ఆ ఫోను ఎత్తినవారు మన ఊరివారని కూడా నేననడం లేదు. కానీ కాగ్నిజెంట్‌కు మన గచ్చిబౌలిలోనూ కోకాపేటలోనూ కార్యాలయాలున్నాయి. ఇట్టి పని చేసే యువకులు ఈ నగరంలో వేలమంది. అదే పద్ధతి 2025 ఏప్రిల్‌లో బ్రిటనులోని మార్క్స్ అండ్ స్పెన్సర్ దుకాణాలనూ దెబ్బతీసింది. ఆరు వారాలకు పైగా వారి ఆన్‌లైన్ అమ్మకాలు ఆగిపోయాయి. లాభంలో సుమారు 30 కోట్ల పౌండ్లు కోతపడవచ్చునని సంస్థ అంచనా వేసింది. దుండగులు వేరొకరి వేషంలో వచ్చారని ఆ సంస్థ ఛైర్మన్ పార్లమెంటు ఉపసంఘం ఎదుట చెప్పారు.

వేషం వేసుకుని వచ్చి తలుపు తీయించడం మనకు తెలియని కథా? పంచవటిలో రావణుడు చేసినదేమిటి? కత్తి దూసి రాలేదు, సన్న్యాసి వేషంలో వచ్చాడు. వచ్చినవాడికి ఆసనమిచ్చి, అర్ఘ్యపాద్యాలిచ్చి, అడిగినదానికి బదులు చెప్పడం గృహిణి ధర్మం. చెప్పకపోతే శపిస్తాడేమోనన్న భయం కూడా సీతమ్మకు కలిగినట్లు వాల్మీకి వ్రాశాడు. ఆమె చేతనే ఆమె ధర్మాన్ని రావణుడు ఆయుధంగా చేసుకున్నాడు. హెల్ప్‌డెస్కు కుర్రవాడి స్థితి కూడా అంతే. సహాయం చేయడమే అతని ధర్మం. చేయకపోతే శాపభయం. ఆ శాపానికి ఈనాటి పేరు ఫిర్యాదు.

అదే సీతమ్మ సుందరకాండలో ఎట్లా ప్రవర్తించిందో చూడండి. హనుమంతుడు నిజమైన దూతే అయినా ఆమె వెంటనే నమ్మలేదు. మళ్ళీ మాయావేషమేమోనని శంకించింది. రాముని గుర్తులు చెప్పమన్నది. అతడు చెప్పాడు, ఆ పిమ్మట ఉంగరం ఇచ్చాడు, అప్పుడు నమ్మింది. తిరుగు ప్రయాణంలో రాముడికి నమ్మకం కలగడానికి తాను కూడా చూడామణిని ఇచ్చి, తమ ఇద్దరికే తెలిసిన కాకాసురుని వృత్తాంతం చెప్పి పంపింది. చేతిలో ఉండే వస్తువు ఒకటి, మనసులో ఉండే రహస్యం ఒకటి. నేటి భద్రతా నిపుణులు రెండంచెల గుర్తింపు అని చెబుతున్నది ఇదే. ఇందులో నేను ముఖ్యంగా గమనించేది, హనుమంతుడికి కోపం రాకపోవడం. "నన్నే అనుమానిస్తావా?" అని ఆయన అనలేదు. అడిగిన గుర్తులన్నీ వినయంగా చెప్పాడు. నిజమైనవాడి లక్షణం అది.

ఇక గుర్తింపుకై అడిగే ప్రశ్నల సంగతి. "మీ తల్లిగారి పుట్టింటి ఇంటిపేరు ఏమి?" అన్న ప్రశ్న పాశ్చాత్యుల నుండి మనకు వచ్చింది. అక్కడ అది రహస్యమో కాదో గాని మన తెలుగునాట అది రహస్యమెట్లా అవుతుంది? పెండ్లి శుభలేఖలో మేనమామల పేర్లు ఇంటిపేర్లతో సహా అచ్చువేస్తాం. సంబంధం చూసేటప్పుడు పుట్టిన తేదీ, వేళ, ఊరు, గోత్రంతో కూడిన కాగితం నలభై ఇళ్ళకు పంపుతాం. చదివిన పాఠశాల పేరు పూర్వవిద్యార్థుల సమ్మేళనం ఫోటోలో బ్యానరు మీదనే ఉంటుంది. పేరు చెబితే చాలునంటారా? ఒకే అంతస్తులో నలుగురు శ్రీనివాసులు, ఆరుగురు సాయికుమారులు ఉండే ఊరు మనది. ఇట్టి రహస్యప్రశ్నలను గుర్తింపుకు వాడరాదని నిస్ట్ 2017 నాటి మార్గదర్శకాలలోనే తేల్చింది. పోనీ, గొంతు గుర్తుపట్టవచ్చునా అంటే ఆ రోజులూ వెళ్ళిపోయాయి. 2024లో అరప్ అనే బ్రిటిష్ ఇంజనీరింగు సంస్థ హాంకాంగు ఉద్యోగి వీడియో సమావేశంలో తన పై అధికారులను కళ్ళారా చూసి, చెవులారా విని, ఇరవై కోట్ల హాంకాంగు డాలర్లు పంపాడు. ఆ రూపాలూ గొంతులూ యంత్రకల్పితాలని తరువాత తెలిసింది.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. మన సమాజంలో అతి తరచుగా వినబడే బెదిరింపు వాక్యం ఒకటున్నది. "నేనెవరో తెలుసా?" ట్రాఫిక్ కానిస్టేబులు ఆపినప్పుడు, గేటు దగ్గర కాపలావాడు వివరం అడిగినప్పుడు, బ్యాంకు గుమాస్తా సంతకం సరిపోలేదన్నప్పుడు ఈ వాక్యం బయటకు వస్తుంది. దాని వాచ్యార్థం ప్రశ్న. వ్యంగ్యార్థం "తప్పుకో". హెల్ప్‌డెస్కులో మాత్రం ఈ వాక్యానికి వాచ్యార్థమే ప్రధానం. "తెలియదండీ. తెలియదు కాబట్టే అడుగుతున్నాను. మీరెవరో తేల్చుకోవడమే నా ఉద్యోగం" అన్నది దానికి సరైన జవాబు. ఈ జవాబు చెప్పే ధైర్యం ఆ కుర్రవాడికి ఎవరిస్తారు?

ఆ సంగతి తెలుపడానికి మా శిష్యుడొకనికి జరిగినది చెబుతాను. సంస్థ పేరు అప్రస్తుతం. రాత్రి రెండు గంటల వేళ ఒక పెద్ద అధికారి ఫోను చేశాడు. విమానం ఎక్కబోతున్నానని, వెంటనే సంకేతపదం రీసెట్ చేయమని అడిగాడు. "రికార్డులో ఉన్న మీ నంబరుకు నేనే తిరిగి ఫోను చేస్తానండీ, నియమం అది" అన్నాడు మావాడు. ఆ ఫోను ఇంట్లో మరచిపోయానన్నాడాయన. అట్లా అయితే మీ పై అధికారి ధ్రువీకరించాలన్నాడు వీడు. ఆయన గొంతు పెంచి, వీడి పేరు అడిగి వ్రాసుకుని పెట్టేశాడు. మరునాడు తెలిసింది, ఆ మనిషి నిజంగా ఆ అధికారే. మావాడు చేసింది నూటికి నూరుపాళ్ళు నియమం ప్రకారమే. అయినా ఆ నెల వాడి మార్కులు తగ్గించారు. ఫోను చేసినవారి సంతృప్తి అనే గడిలో సున్నా పడిందట. "ఈసారి ఏం చేస్తావురా?" అని అడిగాను. వాడు నవ్వి, "ఏం చేస్తాను మాస్టారూ, ఇచ్చేస్తాను" అన్నాడు.

ఆ నవ్వు నన్ను కలవరపెట్టింది. సంస్థ వాడికి శిక్షణ తరగతుల్లో నేర్పిన పాఠం ఒకటి, మార్కుల పట్టికతో నేర్పిన పాఠం మరొకటి. పిల్లలు ఏ పాఠాన్ని గుర్తుపెట్టుకుంటారో మాస్టరును నాకు తెలియదా? మార్కులు వచ్చే పాఠాన్నే. ఒక్కొక్క ఫోనును ఎన్ని నిమిషాల్లో ముగించాడు, ఎదుటివాడు ఎన్ని చుక్కలు ఇచ్చాడు అన్న లెక్కలతో జీతం పెరుగుదల నిర్ణయించేచోట, నాలుగు నిమిషాలు ఎక్కువ తీసుకుని గుర్తింపు అడిగేవాడు నష్టపోతాడు. రేపు అదే వాక్యంతో, అదే గొంతుతో దొంగ వస్తాడు. వాడికి తలుపు ఏనాడో తెరిచి పెట్టారు. తెరిచినది మావాడు కాదు, ఆ మార్కుల పట్టిక.

పాఠశాల వ్యవస్థకు ఎన్ని లోపాలున్నా ఈ విషయంలో ఒక మంచి సంప్రదాయం ఉన్నది. పదవ తరగతి పబ్లిక్ పరీక్షల ప్రశ్నపత్రాలు పోలీసు స్టేషనులో భద్రపరుస్తారు. చీఫ్ సూపరింటెండెంటు, డిపార్టుమెంటల్ ఆఫీసరు వెళ్ళి, సంతకాలు చేసి తీసుకువస్తారు. సీళ్ళు సరిగా ఉన్నాయని చూసి, వేళ అయిన తరువాతనే విప్పుతారు. ఒక్కరి మాటతో పని జరగదు. పరీక్ష గదిలో ఇన్విజిలేటరు నిన్న మొన్న చేరిన చిన్న మాస్టరే కావచ్చు. కానీ హాల్‌టిక్కెట్టు లేని పిల్లవాడు ఎవరి బిడ్డ అయినా, చూపించమని అడిగే హక్కు అతనికి ఉన్నది. ఎందుకడిగావని తరువాత అతన్ని నిలదీసిన పై అధికారిని నా ఉద్యోగకాలంలో నేను చూడలేదు. అతని వెనుక ఒక పరీక్షల శాఖ ఉన్నదని అందరికీ తెలుసు. అతని బలం అదే. హెల్ప్‌డెస్కు కుర్రవాడి వెనుక ఎవరున్నారు?

కాబట్టి సంస్థలవారు చేయవలసినవని నాకు తోచినవి ఇవి.

1. రీసెట్ అధికారాన్ని హెల్ప్‌డెస్కుకు విభాగాల వారీగా, ఆ పని మేరకే ఇవ్వాలి. అడ్మినిస్ట్రేటర్లు, ఉన్నతాధికారులు, జీతాలూ ఖాతాలూ చూసేవారు మొదలైనవారి ఖాతాలను దాని పరిధిలో చేర్చరాదు. వాటికి ఇద్దరు మనుషుల ఆమోదం కావాలి.

2. ఫోను చేసినవాడు ఇచ్చిన నంబరుకు కాక, సంస్థ రికార్డులో ఉన్న నంబరుకు హెల్ప్‌డెస్కే తిరిగి ఫోను చేయాలి. అది కుదరకపోతే ఆ ఉద్యోగి పై అధికారి ధ్రువీకరించాలి. పుట్టినతేదీ, తల్లి ఇంటిపేరు వంటి ప్రశ్నలు మానుకోవాలి. సంకేతపదంతోపాటు ఫోనుకు వచ్చే రెండవ గుర్తింపును కూడా మార్చమని ఒకే పిలుపులో అడిగితే మరింత జాగ్రత్త పడాలి.

3. అందరికీ ఒకే తాత్కాలిక పదం ఇచ్చే అలవాటు పోవాలి. రీసెట్ జరిగిన వెంటనే ఖాతాదారుకూ, అతని పై అధికారికీ కబురు వెళ్ళాలి. నిద్రలో ఉన్నవాడి పేర అర్ధరాత్రి రీసెట్ జరిగితే కనీసం మరొకరి కంటనైనా పడుతుంది.

4. నమోదులను ఎవరైనా చదవాలి. ఎవరూ చూడని హాజరుపట్టిక హాజరుపట్టిక కాదు.

5. గుర్తింపు తేలక నిరాకరించిన ఫోనులను నిమిషాల లెక్కలోనుంచీ, సంతృప్తి మార్కులలోనుంచీ తీసివేయాలి. నియమం ప్రకారం నిరాకరించినవాడిపై వచ్చిన ఫిర్యాదును మొదట పై అధికారి చదివి, జవాబు తానే వ్రాయాలి.

ఈ ఐదింటిలో మొదటి నాలుగూ కంప్యూటరు తెలిసినవారు ఎప్పటినుంచో చెబుతున్నవే. చాలా సంస్థల్లో కొంతవరకు ఉన్నవే. ఐదవది లేకపోతే ఆ నాలుగూ కాగితం మీదనే ఉండిపోతాయి. దానికి క్రొత్త యంత్రం కొననవసరం లేదు. అయినా అదే అన్నిటికన్న కష్టమైనది. పెద్దవారు చిన్నవాడి చేత "కుదరదండీ" అనిపించుకోవడానికి సిద్ధపడాలి.

"ఇదంతా ఎందుకు? ఉద్యోగే తన సంకేతపదాన్ని తానే రీసెట్ చేసుకునే ఏర్పాటు వచ్చింది కదా, మనిషితో పనేమిటి?" అనేవారున్నారు. ఆ ఏర్పాటు మంచిదే, రావలసినదే. రోజువారీ మతిమరుపులు చాలావరకు దానితో తీరిపోతాయి. అయితే ఆ ఏర్పాటు ఉద్యోగి ఫోనునో మరొక వస్తువునో నమ్ముకుని నడుస్తుంది. ఆ ఫోనే పోయినవాడు, క్రొత్తగా చేరినవాడు, చేయి విరిగి ఆసుపత్రిలో ఉన్నవాడు చివరకు మనిషినే ఆశ్రయించాలి. దొంగ కూడా సరిగ్గా ఆ తలుపు దగ్గరకే వస్తాడు. "ఫోను పోయిందండీ" అన్నదే వాడి మొదటి మాట. తలుపులు తగ్గేకొద్దీ మిగిలిన తలుపు దగ్గర నిలబడినవాడి విలువ పెరగాలి, తగ్గకూడదు.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. వేరొకరి సంకేతపదాన్ని మోసంతో వాడినవాడికి ఐ.టి. చట్టం 66-సి సెక్షను క్రింద మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా. కంప్యూటరు సాధనంగా వేరొకరి వేషం వేసి మోసగించినవాడికి 66-డి క్రింద దాదాపు అంతే. రెండూ 2009 అక్టోబరు 27 నుండి అమలులో ఉన్నాయి. కానీ ఆ వేషధారి ఏ దేశంలో ఉన్నాడో పట్టుకునేలోపల సంస్థకు దొరికేది ఒక్కడే, ఫోను ఎత్తినవాడు. నేరం మరొకడిది, వేలు చూపబడేది వీడివైపు. అందుకే వాడికి వ్రాతపూర్వకమైన రక్షణ ఉండాలంటున్నాను.

ఈ పుటలు చదివేవారిలో బృందాలను నడిపే మేనేజర్లు, సంస్థలలో పెద్ద పదవులలో ఉన్నవారు కొందరైనా ఉంటారని తెలుసు. వారికి నా మనవి ఒకటే. మీ హెల్ప్‌డెస్కు నియమావళిలో ఒక్క వాక్యం చేర్చి, క్రింద మీ సంతకం పెట్టండి. "గుర్తింపు తేలకపోతే నిరాకరించు. అడిగినవాడు నేనైనా సరే." ఆ తరువాత ఒకనాడు మీరే సంకేతపదం మరచిపోయి ఫోను చేసినప్పుడు ఆ కుర్రవాడు మిమ్మల్ని రెండు ప్రశ్నలు అడిగితే, హనుమంతుడు చెప్పినంత ఓపికగా జవాబు చెప్పండి. పెట్టేసే ముందు "మంచిపని చేశావు నాయనా" అనండి. ఆ రాత్రి వాడికి కొండంత బలం వస్తుంది.

స్వస్తి.